స్త్రీల ఆదివారం బిరియానీ

కృష్ణగిరిలో స్త్రీల కూడిక అంటే మా చర్చి సంఘం ఆడవాళ్లమంతా ఒక వ్యాను మాట్లాడుకుని హోసూరు నుంచి పొద్దున్నే బయలుదేరాం. శూలగిరి దాటకముందే సగం మంది ఫోనుల్లో ఇంటికి వంట పాఠాలు మొదలుపెట్టారు. చట్నీ ఫ్రిజ్జులో ఉంది, గ్యాసు కట్టేశారా, మాత్ర వేసుకున్నారా, పాలవాడికి ఏం చెప్పారు. ఒక్కపూట ఇల్లు వదిలి వస్తున్నామన్న మాటే గానీ, ఇంటిని మాతోపాటే వ్యానులో ఎక్కించుకున్నాం. నేనేం తక్కువ తినలేదు. మా అత్తకు షుగరు. ఆమె ఇడ్లీ తిన్నదో లేదో అని పదేపదే ఫోను చేస్తే, చివరికి ఆమే విసుక్కుని పెట్టేసింది.

కూడికలో మాట్లాడటానికి బెంగుళూరు నుంచి ఒక అక్క వచ్చింది. మంచి మాటకారి. మైకు పట్టుకుని మా వరుసల మధ్యకు వచ్చి, "మీరెవరో ఒక్క మాటలో చెప్పండి. కానీ అమ్మ, భార్య, కోడలు, అక్క, చెల్లి, ఈ మాటలేవీ రాకూడదు" అంది. మత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దామె కాసేపు ఆలోచించి, "నాకు మోకాళ్ల నొప్పులమ్మా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మోకాళ్లయినా ఆమెవి ఆమెవే కదా అనిపించింది.

మైకు నా దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా అని, "నేను బిరియానీ బాగా చేస్తాను" అన్నాను. మా వ్యాను వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ అక్క మాత్రం తల ఊపి, "అది కూడా ఎవరికోసమో చేసేదే కదా సిస్టర్" అని నవ్వుతూ మైకు పక్కామెకు ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆమె అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

సాయంత్రం ముగించేటప్పుడు జవాబు ఆమే చెప్పింది. మనమంతా దేవుని కుమార్తెలమట. హాలంతా హల్లెలూయా అన్నది. నేనూ అన్నాను. అంటూనే లోపల, మళ్లీ కూతురేనా అనుకున్నాను. ఆ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ కూతురికి మాత్రం ఒక ఇష్టం, ఒక కోపం, ఒక మొండితనం ఉండవా? ప్లస్ టూ చదివే మా పాపను నువ్వెవరని అడిగితే ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. దానికి ఏ రంగు గిట్టదో, ఏ టీచరు గిట్టదో, ఏ కూర చూస్తే వాంతి వస్తుందో అన్నీ తెలుసు. నన్ను అడిగితే బిరియానీ అన్నాను. దారిపొడుగునా దాని గురించే ఉడికిపోతూ ఇంటికి వచ్చాను.

హోసూరులో మేముండేది జూజువాడి వైపు. వీధిలో నన్ను ఫ్యాక్టరీ సారు ఇంటావిడ అంటారు. పాప చదివే చోట ఫలానా పాప అమ్మను. సంఘంలో పెద్దాయన కోడల్ని, ఎందుకంటే ఈ తెలుగు సంఘాన్ని మొదట తన ఇంటి వసారాలో పెట్టింది మా మామ. ఆయన పోయి చాలా కాలమైనా ఆ కోడలి ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు.

అసలు నేను పుట్టింది అత్తిముగంలో, గొర్రెలు కాసే ఇంట్లో. మా ఇంట్లో ఎవరూ చర్చి గడప తొక్కినవాళ్లు కాదు. చదువుకునే రోజుల్లో ఒక టీచరమ్మ ఇంట్లో పాటలు విని, వాళ్లింటికి ప్రార్థనకు పోవడం నేనే మొదలుపెట్టాను. మా నాయన తిట్టాడు, మా అవ్వ అన్నం పెట్టనంది. అయినా పోయాను. ఒకరు చెబితే చేసిన పని కాదు, ఒకరి కోసం చేసిన పని కాదు. నా బతుకులో నేను ఒక్కదాన్నే తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందంటే అదొక్కటే. పెళ్లయ్యాక అది కూడా అత్తగారింటి ఆచారంలో కలిసిపోయింది. ఇప్పుడు నేను ప్రార్థన చేస్తే, పెద్దాయన కోడలు కదా, చేయకేం అంటారు.

మా సంఘంలో ఏడాదికొకసారి స్త్రీల ఆదివారం వస్తుంది. ఆ రోజు ఆరాధన మొత్తం ఆడవాళ్లదే. ప్రార్థనలు మావి, పాటలు మావి, కానుక సంచులు పట్టేది మేము, వాక్యం, అంటే ప్రసంగం, చెప్పేదీ మేమే. అందరం ఒకే రంగు చీరలు కట్టుకుని ముందు వరుసల్లో కూర్చుంటాం. మగవాళ్లు వెనక చేరి విశ్రాంతి తీసుకుంటారు. ఆరాధన అయ్యాక సంఘానికంతా భోజనం. ఆ భోజనం వండేదెవరు? స్త్రీల ఆదివారం కదా, స్త్రీలే. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ ఇన్నేళ్లలో ఒక్కరూ నోరెత్తలేదు. పురుషుల ఆదివారమని ఇంకొకటి ఉంది. ఆ రోజూ వంట స్త్రీలదే. పాపం, ఆ రోజు పురుషులకు పాటలతో, వాక్యంతో తీరిక ఉండదు.

వాక్యం ఎప్పుడూ పాస్టరయ్య భార్య, మా పాస్టరమ్మ చెప్పేది, బిరియానీ ఎప్పుడూ నేను చేసేదాన్ని. చర్చి వెనక రేకుల షెడ్డులో పెద్ద అండా ఎక్కించి, దమ్ము మీద పెట్టి, పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చునేదాన్ని. అందుకే స్త్రీల ఆదివారం వాక్యం నేను ఒక్కసారి కూడా వినలేదు. మైకులో పెద్దగా ఆమెన్ అని వినిపిస్తే మూత తీసే వేళయిందని నాకు గుర్తు. అంతవరకే.

కృష్ణగిరి నుంచి వచ్చిన కొన్నాళ్లకు పాస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. "నాకు గొంతు పూర్తిగా పోయిందమ్మా. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఈసారి వాక్యం నువ్వు చెప్పు" అని గుసగుసగా అంది. ఇరవై నిమిషాలు. మైకు. నేను. వెంటనే ఒప్పుకుని నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! "మరి బిరియానీ?" అని అడిగింది కూడా నేనే. నా నోట్లో మన్ను పడ.

"అది నువ్వు చెయ్యకుంటే ఎవురు చేస్తారమ్మా? కృష్ణగిరిలో అంతమంది ముందర చెప్పుకున్నావు కదా" అంది పాస్టరమ్మ, గొంతు పోయినా ఆ మాట మాత్రం స్పష్టంగా. సరేనన్నాను. తా దూర కంత లేదు, మెడకో డోలు.

ఇక ఇంటిల్లిపాదీ నా వాక్యం మీద పడ్డారు. మా ఆయన పనిచేసేది చెక్‌పోస్టు అవతల, కర్ణాటక వైపు. లారీల మధ్య ఇరుక్కుని చిరాగ్గా ఇంటికి వచ్చే మనిషి, ఆ వారం మాత్రం చెప్పులు విప్పుతూనే సలహా ఇచ్చేవాడు. "గుణవతి అయిన భార్య గురించి చెప్పు. అందురికీ నచ్చుతాది. అదయితే నీకు కష్టం కూడా ఉండదు." కష్టం ఎందుకుండదో నేను అడగలేదు. మా అత్త మంచం మీద నుంచే, "మీ మామ ఈ సంఘం ఎట్ల కట్టినాడో చెప్పమ్మే. అంతకంటే నీకేం తెలుసు చెప్పేదానికి?" అంది. పాప, "మా, నా గురించి ఒక్క మాట కూడా చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుంది. పాస్టరయ్య ఏకంగా అంశాలే ఇచ్చాడు. త్యాగం, తాలిమి, తల్లితనం. "మూడూ ఒకే అక్షరంతో వస్తాయమ్మా, మర్చిపోవు" అన్నాడు సంతోషంగా.

అందరికీ సరేనన్నాను. నాకు బిరియానీ కన్నా బాగా వచ్చిన పని అదే.

కానీ నా మనసులో వేరే ఉంది. బైబిల్లో బావి దగ్గరికి నీళ్లకు వచ్చి, ప్రభువు మాట విని, కడవను అక్కడే వదిలి ఊళ్లోకి పరిగెత్తిన స్త్రీ. ఆమె గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఒక్కరూ ఆ కడవ సంగతి ఎత్తలేదు. అది నేను ఎత్తాలి. దానితోపాటు అత్తిముగం సంగతి చెప్పాలి. ఎవరి కోడలిగానో కాకుండా, ఒకప్పుడు ఒంటరిగా నడిచి వచ్చినదానిగా ఒక్కసారి నిలబడాలి. ఇది తప్పితే మళ్లీ పాస్టరమ్మ గొంతు ఎప్పుడు పోతుందో, అలా కోరుకోవడం ఎంత పాపమో.

ఇంట్లో కూర్చుని తయారవడానికి చోటు ఎక్కడుంది? బాత్రూములో కుళాయి తిప్పి, గోడకు చెప్పుకునేదాన్ని. ఒకరోజు మా అత్త తలుపు తట్టింది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"దేవునితో అత్తా."

"నీళ్లు కట్టేసి మాట్లాడు. ట్యాంకు కాలీ అవుతాది."

ఆ ఆదివారం తెల్లవారకముందే షెడ్డుకు చేరాం. ఉల్లిపాయలు కోసేవాళ్లు కోశారు, కోడిముక్కలు కడిగేవాళ్లు కడిగారు. మసాలా వేగుతుంటే నేను గరిటె తిప్పుతూ మనసులో కడవ, అత్తిముగం, కడవ, అత్తిముగం అనుకుంటున్నాను. బియ్యం పోసి, మూత చుట్టూ పిండి పూసి, పైన నిప్పులు వేసేసరికి లోపల ఆరాధన గంట కొట్టారు. అందరూ చీరలు సర్దుకుని లోపలికి పోయారు. ఇన్నేళ్లూ అండా దగ్గర ఉండేది నేనే కాబట్టి, ఇప్పుడు ఎవరుంటారన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. నాకు వచ్చింది. మా ఆయన్ను పిలిచాను.

"రెండో పాట మొదలయినప్పుడు కింద కట్టెలు లాగేయండి. పైన నిప్పు అట్లే ఉండనీయండి. అంతే పని. మరిచిపోవద్దు."

"అదేం పెద్ద పనా? నువ్వు పో" అన్నాడు.

ఊదారంగు చీరలో, చేతులకు ఇంకా అల్లం వెల్లుల్లి వాసనతో మైకు ముందు నిలబడ్డాను. మొదట పుస్తకాల తెలుగులో మొదలుపెట్టి, రెండు వాక్యాలకే అది నా వల్ల కాక మా మాటలోకి దిగిపోయాను. "పాస్టరయ్య నాకు త్యాగం గురించి చెప్పమని చెప్పినారు. నేను దాని గురించి చెప్పేదానికి రాలేదు" అన్నాను. వేదిక పక్క కుర్చీలో పాస్టరయ్య నవ్వుతూనే ఉన్నాడు గానీ కనుబొమలు పైకి పోయాయి. అత్తిముగం గురించి చెప్పాను. మా అవ్వ అన్నం పెట్టనని అన్న రాత్రి టీచరమ్మ ఇంట్లో తిన్న రాగిముద్ద గురించి చెప్పాను. మా అత్త తల పైకెత్తి చూసింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత కడవ దగ్గరికి వచ్చాను. "ఆమె ఊర్లోకి పోయి ఏం చెప్పిందో అందురూ చెప్తారు. నేను అడిగేది వేరే. కడవ బావి కాడనే ఉండాది. మరి ఆ పూట ఆ ఇంట్లో నీళ్లు యాడివి? అన్నం ఎవురు వండినారు? ఎవురన్నా ఆమెను తిట్టలేదా? తిట్టినా పరవాలేదని, ఆమె కడవను వదిలేసి..."

అప్పుడు వచ్చింది వాసన.

మాడు వాసన. వండేవాళ్లకు చెప్పనక్కర్లేదు, వండనివాళ్లకు తెలియదు. ఊదారంగు చీరల తలలన్నీ ఒక్కసారి వెనక కిటికీ వైపు తిరిగాయి, మళ్లీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. వెనక మగవాళ్లలో ఒక్క తలా కదల్లేదు. నేను మా ఆయన కోసం చూశాను. షెడ్డులో ఉండాల్సిన మనిషి వెనక స్తంభం పక్కన చేతులు కట్టుకుని, నా మాటలు శ్రద్ధగా వింటున్నాడు.

నా కాలు అప్పటికే మెట్టు దిగింది. నేను దించలేదు, అదే దిగింది. పాస్టరయ్య సగం లేచి, ఎంతో దయగా, "పరవాలేదమ్మా. మేము ఒక పాట పాడతాం, నువ్వు పోయి చూసేసి రా" అన్నాడు.

పాట పాడతారట. నా ఇరవై నిమిషాల్లో, నేను వాక్యం మధ్యలో ఆపేసిన చోట, ఒక పాట పెడితే సరిపోతుందట. నేను పోయి, నిప్పు లాగి, మసి చేతులతో తిరిగి వచ్చేసరికి కానుకల వేళవుతుంది. మళ్లీ నేను పీట మీదే. నాకు ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది. దిగిన కాలు వెనక్కి తీసుకున్నాను.

"పాట వద్దు పాస్టరయ్యా. మీరు పోయి చూడండి" అన్నాను, మైకులోనే.

పాస్టరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది దగ్గో నవ్వో ఇప్పటికీ నాకు తెలియదు. పాస్టరయ్య మా ఆయన వైపు చూశాడు, మా ఆయన నా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. తల పట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఆయన వెనక పాస్టరయ్య, ఆయన వెనక ఇద్దరు పెద్దలు. కిటికీలోంచి కేకలు వినిపించాయి. "మూత ఎత్తప్పా!" "ఎత్తితే ఆవిరంతా పోతాదప్పా!" "నీళ్లు పొయ్యి, నీళ్లు!" ఇక ఉండబట్టలేక మైకులోనే అరిచాను, "మూత ఎత్తొద్దండీ! నీళ్లు పొయ్యొద్దు! కట్టెలు లాగండి, అంతే!" స్పీకర్లు వీధి చివరిదాకా పెట్టారు. ఆ వాక్యం జూజువాడి మొత్తానికీ చేరి ఉంటుంది.

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే మళ్లీ బిరియానీ దగ్గరే ఆగిపోతానని భయం. వాళ్లు నవ్వడం ఆపేదాకా నిలబడి, చెప్పాల్సింది చెప్పాను.

"నేను ఇన్నేళ్లూ ప్రార్థనలో అందురి గురించీ చెప్పినాను. మా ఆయన వీపు నొప్పి చెప్పినాను, అత్త షుగరు చెప్పినాను, పాప పరీక్షలు చెప్పినాను. నాకు కోపం ఉండాదని మాత్రం ఒక్క దినం కూడా దేవునికి చెప్పలేదు. మంచి విశ్వాసికి కోపం రాకూడదంట. సంతోషంగా చేస్తాను, సంతోషంగా చేస్తాను అని చెప్పి చెప్పి, నేను ఎవురో ఆయనకు కూడా తెలీకుండా దాచిపెట్టినాను. ఈ దినం చెప్తా ఉండాను. నాకు కోపం ఉండాది. కడవ దించాలని ఉండాది. దించినాక నేనేం చేస్తానో నాకు తెలీదు. ఆ తెలీనిది కూడా ఆయన ముందరే పెడతా ఉండాను."

ఇంకా ఏదో ముగింపు అనుకున్నాను గానీ గుర్తు రాలేదు. ఆమెన్ అన్నాను. కొందరు అన్నారు. మా అత్త అనలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలను చూస్తూ కూర్చుంది.

ఆరాధన అయ్యాక వాక్యం ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. అందరిదీ అండా గొడవే. అడుగు మొత్తం బొగ్గయిందని ఒకరు, పైభాగం పరవాలేదని ఒకరు. పెద్దల్లో ఒకాయన నా దగ్గరికి వచ్చి, "పొగవాసన కావాలనే పెట్టినావామ్మా? ఈమధ్య టౌన్లో హోటళ్లలో ఇట్లే ఇస్తా ఉండారు" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మా ఆయన చొక్కానిండా మసితో వచ్చాడు.

"కట్టెలు ఎందుకు లాగలేదు?" అన్నాను.

"రెండో పాటకే లాగుదామని పోతా ఉండాను. నువ్వు లేస్తా ఉన్నట్లు కనిపించింది. నువ్వు మాట్లాడేది వినాలని నిలబడినాను." చొక్కా మీది మసి దులుపుకుంటూ, "రాగిముద్ద సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

ఇప్పుడీ మనిషిని తిట్టాలా, మెచ్చుకోవాలా? చెప్పింది ఒకే ఒక్క పని. అది చేసుంటే నా వాక్యం వినేవాడు కాదు. విన్నాడు కాబట్టి వాక్యంలో సగం మాడిపోయింది.

మా సంఘంలో మొదటి బంతి పాస్టరయ్యకు, పెద్దలకు. తర్వాత మగవాళ్లు, పిల్లలు. చివర మిగిలిన దాంట్లో ఆడవాళ్లం నిలబడి తినేస్తాం. బల్లల మీద అరిటాకులు పరిచారు. అలవాటు కొద్దీ గరిటె కోసం చెయ్యి చాచాను. చాచిన చేత్తోనే కుర్చీ లాక్కుని, మొదటి బంతిలో, పాస్టరయ్యకు ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఆకు మీద నీళ్లు చల్లుకున్నాడు. పాస్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక గరిటె మా ఆయన తీసుకోక తప్పలేదు.

ఆయన తప్పెల మోసుకుంటూ ఆకుల వెంట వచ్చాడు. నా దగ్గర ఆగి, గరిటె ఎత్తి పట్టుకుని, "నీకు ఏ ముక్క వెయ్యాల?" అన్నాడు.

చెప్పబోయాను. మా ఆయనకు కార్జం. పాపకు కాలు ముక్క, చర్మం తీసేసి. మా అత్తకు ఎముక లేనిది, మెత్తగా ఉడికింది. పాస్టరయ్యకు తొడ. ఈ సంఘంలో ఎవరికి ఏ ముక్క ఇష్టమో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నాకు? మెడ తిన్నాను, రెక్క తిన్నాను, ఎవరూ తీసుకోనిది ఏది ఉంటే అది తిన్నాను. ఏది ఇష్టమో నాకు తెలియలేదు.

"చెప్పమ్మే. వెనక జనం ఉండారు."

"ఉండనీయండి" అన్నాను. "అన్నీ ఒక్కొక్కటి వెయ్యండి. తిని చెప్తాను."